ఎవరు తెచ్చిన నీళ్ళు

పిల్లల చేత నీళ్ళాటలు ఆడించడం కూడా ఒక పనేనా అని అడిగేవాళ్ళు ఆ పని చేసే మేనత్త ఇంటి వెనక వరండా ఒక్కసారి చూస్తే చాలు, ఇంక అడగరు. ఒకదాంట్లో ఒకటి దూర్చిన ప్లాస్టిక్ టబ్బులు, చుట్టలు చుట్టిన రబ్బరు పైపులు, తీగ మీద ఆరేసిన పరుపు స్పాంజి ముక్కలు, గోనెసంచి నిండా మగ్గులు. ఎండలు ముదిరాయంటే ఆ సామానంతా వ్యానెక్కి బళ్ళకీ, పార్కులకీ బయల్దేరేది. వ్యాను ముందు సీట్లో మేనత్త కూర్చునేది. ఆమె ఒక్క కేక వేస్తే మైదానం ఆ చివర ఉన్న పిల్లలు కూడా ఠక్కున ఆగేవాళ్ళు.

ఆమెకి సాయం వెళ్ళే మేనకోడలిని ఇంట్లో అందరూ పిల్లి అనేవాళ్ళు. నడిస్తే చప్పుడుండదు. మాట్లాడితే పక్కనున్నవాళ్ళకే సగం వినపడుతుంది. నోట్లో నాలుక లేని పిల్ల అని చుట్టాలందరూ తేల్చేశారు. చదువు ముగిశాక అత్త వెంట తిరగడం మొదలుపెట్టింది. తిరగడమంటే టబ్బులు నింపడం, స్పాంజిలు పిండి ఆరేయడం, ఆటకి ముందు చెప్పుల్లేకుండా నేలంతా నడిచి గులకరాళ్ళు ఏరేయడం. ఆడించే పని మాత్రం అత్తదే.

ఆ వేసవి మొదట్లోనే అత్త మెట్టు తప్పి కాలు బెణికించుకుంది. కట్టు కట్టిన డాక్టరు కాలు కింద పెట్టొద్దన్నాడు. కాలు కుర్చీ మీద, దిండు కాలి కింద, కోపం అందరి మీద పెట్టుకుని అత్త మేనకోడల్ని పిలిచింది.

"ఒసేయ్ పిల్లీ, రేపటి బడి పిల్లల్ని నువ్వే ఆడించాలి."

"నేనా?"

"కాదు, నీ వెనకాల గోడ. నువ్వేనే! నేను వస్తా, కుర్చీలో కూర్చుంటా, నోరు మాత్రం మెదపను. సరిగ్గా ఆడించావా, ఈ వేసవి గుంపులన్నీ నీవే. చేతకాలేదా, సామాను అటకెక్కిస్తా, నువ్వు మీ నాన్న చూసిన బట్టల కొట్టులో చేరిపో."

ఆ కొట్టు పిల్లి చూసింది. గాజు తలుపు వెనక నిలబడి, వచ్చిన ప్రతి ఒక్కరినీ నవ్వుతూ పలకరించాలి. పెద్దవాళ్ళ ముందు నిలబడితేనే ఆమెకి మాట పెగలదు. తడిసి ముద్దయిన పిల్లల మధ్య మాత్రం ఆమెకి ఏ భయమూ ఉండదు. పిల్లలకి ఆమె మాట వినపడకపోతే వాళ్ళే దగ్గరకొచ్చి "ఏంటక్కా?" అని అడుగుతారు. పెద్దవాళ్ళు అలా దగ్గరకి రారు.

మర్నాడు పొద్దున్నే బడి మైదానానికి చేరారు. పైపులో రాత్రంతా నిలవున్న నీళ్ళు వదిలేసి, చల్లటి ధార వచ్చాక టబ్బులు నింపింది పిల్లి. పిల్లలు వచ్చేసరికి ఆ చలి కాస్త విరగాలి, అందుకే టబ్బుల్ని ఎండలోకి జరిపింది. కుళాయి దగ్గర సిమెంటు గచ్చు జారుతుందని ఆట గీతలు మట్టినేల మీదికి మార్చింది. గోడ నీడలో కుర్చీ వేసుకున్న అత్త అన్నీ చూస్తూ, చెప్పింది చెప్పినట్టు నోరు మెదపకుండా కూర్చుంది. కనుబొమలు మాత్రం ఒకచోట ఉండలేదు.

ఆరోజు అసలాట స్పాంజి పరుగు. మైదానం ఈ చివర నీళ్ళ టబ్బు, ఆ చివర జట్టుకొక లోపలి నీళ్ళు కనపడే ప్లాస్టిక్ డబ్బా. డబ్బా పైభాగాన ఒక నల్ల గీత. పిల్లలు స్పాంజి ముంచి తీసుకెళ్ళి, డబ్బాలో పిండి, తిరిగొచ్చి తర్వాతి వాళ్ళకివ్వాలి. ఎవరి నీళ్ళు ముందు గీత తాకితే వాళ్ళు గెలిచినట్టు.

గెలిచినట్టు అనడమే గానీ, అత్త ఆడించిన ఆటల్లో చాలా ఏళ్ళుగా ఎవరూ గెలవలేదు. ఆమె పని తీరే అది. డబ్బాల దగ్గర చేత్తో మగ్గు పట్టుకుని నిలబడేది. పిల్లల నెత్తిన నీళ్ళు చిలకరిస్తూ, కేరింతల మధ్య వెనకబడ్డ డబ్బాలోకి ఒక మగ్గు వంచేసేది. రెండు డబ్బాలూ ఒకేసారి గీత తాకేవి. "సమం! అందరూ గెలిచారు!" అని అత్త కేక పెట్టేది. ఈ పని మొదలుపెట్టిన కొత్తలో ఒక బడిలో ఓడిన పిల్లాడొకడు ఇంటికెళ్ళేదాకా ఎక్కిళ్ళు పెట్టి ఏడ్చాడట. వాళ్ళమ్మ వచ్చి బడివాళ్ళ మీద పడిందట. మళ్ళీ ఆ బడి నుంచి కబురు రాలేదు. "మన ఆట నీళ్ళతోనే గానీ కన్నీళ్ళతో కాదు" అని అత్త అప్పుడే తీర్మానించుకుంది. ఆ మగ్గు సంగతి ఇంట్లోవాళ్ళకి తప్ప బయట ఎవరికీ తెలియదు.

గొడుగు పట్టుకున్న టీచరమ్మ వెనక పిల్లలు బిలబిలమంటూ వచ్చారు. 

"ఒసేయ్ పిల్లీ, టోపీలు చూడు, టోపీలు!" అని అత్త మొదటి నిమిషంలోనే మాట తప్పింది.

అంతే. పిల్లలు ఆ పేరు పట్టుకున్నారు.

"నీ పేరు పిల్లా అక్కా?"

"పిల్లికి నీళ్ళంటే పడవుగా! మరి నువ్వెలా ఆడిస్తావ్ పిల్లక్కా?"

"నేను ఒడ్డున కూర్చునే పిల్లిని కాదు" అంది పిల్లి. ముందు వరసవాళ్ళకి వినపడి నవ్వారు. వెనక వరసవాళ్ళు "ఏమందిరా, ఏమంది?" అని అడిగి, ఆలస్యంగా నవ్వారు.

జట్లకి రిబ్బన్లు పంచేటప్పుడే మొదటి పొరపాటు జరిగింది. అత్తయితే పిల్లల్ని వరసగా నిలబెట్టి, ఒకరిని ఎరుపు, ఒకరిని నీలం అని విడదీసేది. పిల్లి నోరు తెరిచేలోపే, బుగ్గలు బూరెల్లా ఉన్న ఒక పిల్లాడు "ఎర్ర జట్టు నాది! రండ్రా!" అని అరిచాడు. పొడుగ్గా, గట్టిగా ఉన్నవాళ్ళందరూ అతని వెనక చేరిపోయారు. "అలా కాదు నాన్నా..." అన్న పిల్లి మాట ఆ గోలలో కలిసిపోయింది. నీలం రిబ్బన్లు కట్టుకోవడానికి చిన్నవాళ్ళూ, బక్కవాళ్ళూ మిగిలారు. వాళ్ళలో కాస్త పెద్దది ఒక కళ్ళద్దాల పిల్ల. అద్దాలు జారిపోకుండా వాటికి సాగే తాడు కట్టుకుంది.

"అయిపోయింది మన పని" అన్నాడు నీలం జట్టులో ఒక బుడతడు.

"ఇంకా మొదలే కాలేదుగా, అప్పుడే ఎలా అయిపోతుంది?" అంది కళ్ళద్దాల పిల్ల.

ఆట మొదలైంది. బుగ్గలబ్బాయి స్పాంజి ముంచి, గుప్పిట్లో బిగించి, బాణంలా దూసుకుపోయాడు. అతని వెనక నేల మీద తడి గీత పడింది. డబ్బా దగ్గరకెళ్ళి పిండితే గుక్కెడు నీళ్ళు రాలాయి. ఎర్ర జట్టులో అందరూ అంతే, ఉరుకులు పరుగులు. నీలం జట్టు వాళ్ళూ మొదట అలాగే పరిగెత్తారు, ఇంకా వెనకబడ్డారు.

కళ్ళద్దాల పిల్ల తన వంతు వచ్చేదాకా నేల మీద పడుతున్న ఆ తడి గీతల్నే చూసింది. ఆమె వంతు వచ్చింది. స్పాంజిని గుప్పిట పట్టలేదు. రెండరచేతులూ దోసిలిలా చేసి, దాని మీద స్పాంజిని పడుకోబెట్టి, నిద్రపోతున్న పసిపాపని మోసుకెళ్ళినట్టు నడుచుకుంటూ వెళ్ళింది.

"పరిగెత్తవే తాబేలూ!" అని ఎర్ర జట్టు వాళ్ళు ఎగతాళి చేశారు.

ఆ పిల్ల వాళ్ళ వైపు చూడను కూడా లేదు. డబ్బా మీద స్పాంజి పెట్టి నొక్కితే ధారకట్టింది. తిరిగొచ్చి జట్టువాళ్ళ చెవుల్లో ఏదో చెప్పింది. ఆ తర్వాత నీలం జట్టు వాళ్ళందరూ నడిచారు. నాలుక బయటపెట్టి, కళ్ళు స్పాంజికి అతికించి, ఒక్క చుక్క కూడా ఒలికించకుండా నడిచారు. వాళ్ళు ఒకసారి వెళ్ళేలోపు ఎర్ర జట్టు వాళ్ళు రెండుసార్లు వెళ్ళొచ్చేవాళ్ళు. అయినా నీలం డబ్బాలో నీళ్ళు మెల్లగా పైకొచ్చి, ఎర్ర డబ్బాని అందుకుని, దాటిపోయాయి.

పిల్లి డబ్బాల మధ్య మగ్గు పట్టుకుని నిలబడి చూస్తోంది. నీలం జట్టు నీళ్ళు నల్ల గీత దగ్గరకి వచ్చేశాయి. ఎర్ర డబ్బాలో నీళ్ళు ఇంకా జానెడు కిందే ఉన్నాయి. గోడ నీడలోంచి అత్త గడ్డం ఎత్తి సైగ చేసింది. ఇంకెప్పుడు పోస్తావే అన్నట్టు.

పిల్లి చెయ్యి తనంతట తనే కదిలింది. ఇన్నాళ్ళు చూసి చూసి నేర్చుకున్న పని. ఎర్ర జట్టు పిల్లాడి నెత్తిన నాలుగు చుక్కలు చిలకరించింది, వాడు కెవ్వుమని కళ్ళు మూసుకున్నాడు, మిగిలిన మగ్గు డబ్బాలోకి వంచింది. ఇంకో మగ్గు. ఇంకొకటి. ఎవరూ చూడలేదు.

"సమం! అందరూ గెలిచారు!" ఈ కేక మాత్రం అత్తే వేసింది. పిల్లి గొంతు చాలదని ఆమెకి తెలుసు.

మైదానం దద్దరిల్లింది. ఎర్ర జట్టు గంతులేసింది. నీలం జట్టులోని చిన్నవాళ్ళ కాళ్ళయితే భూమ్మీద ఆనలేదు. ఆ పొడుగువాళ్ళతో సమం అంటే వాళ్ళకి గెలుపు కన్నా ఎక్కువే. టీచరమ్మ నవ్వుతూ "ఇంకోసారి ఆడించండి, ఇంకా వేళుంది" అంది. అత్త ముఖం వెలిగిపోయింది. పిల్లి గుండె తేలికపడింది. బట్టల కొట్టు గాజు తలుపు ఎక్కడో దూరానికి జరిగిపోయింది.

రెండో ఆటకోసం డబ్బాల్లో నీళ్ళు గోడవార మొక్కలకి పోస్తుంటే, వెనక కళ్ళద్దాల పిల్ల మాటలు వినపడ్డాయి. తన జట్టుని చుట్టూ కూర్చోబెట్టుకుని చెబుతోంది.

"ఈసారి మనం కూడా పరిగెడదాం."

"ఎందుకే? నడిస్తేనేగా బాగా వచ్చాయి!"

"నేనూ అదే అనుకున్నా. కానీ రాలేదు. వాళ్ళు పరిగెత్తారు, మనం నడిచాం, ఇద్దరికీ ఒకటే అయ్యాయి. అంటే నడవడం వల్ల ఏం లేదు. నా మాట విని మీరందరూ నెమ్మదిగా వెళ్ళారు. నేనే తప్పు చెప్పా."

ఆ గొంతులో ఉక్రోషం లేదు, ఏడుపు లేదు. పలకమీద లెక్క చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టినట్టు చెప్పింది. పిల్లి చేతిలో డబ్బా అలాగే ఉండిపోయింది.

"నీకు... నిజంగా అలా అనిపించిందా?" అని అడిగింది దగ్గరకెళ్ళి.

"అవునక్కా. ఎందుకు?"

పిల్లి డబ్బా కింద పెట్టి అత్త కుర్చీ దగ్గరకి నడిచింది.

"అత్తా, ఆ కళ్ళద్దాల పిల్ల తన ఆలోచన తప్పనుకుంటోంది."

"ఏ ఆలోచన?"

"అరచేతుల మీద మోస్తే నీళ్ళు పోవని. ఇప్పుడు వద్దంటోంది. పరిగెత్తుతారట."

"పరిగెత్తనీ. పరిగెత్తితే కాళ్ళకి మంచిదే."

"అది కాదత్తా..."

"చూడు పిల్లీ" అత్త గొంతు తగ్గించింది. ఆమె గొంతు తగ్గిస్తే మామూలువాళ్ళు మాట్లాడినట్టుంటుంది. "ఒక పిల్ల లెక్క తప్పితే కొంపలేం మునగవు. ఆ బుగ్గలోడు ఓడిపోయానని ఏడుపు లంకించుకున్నాడంటే మాత్రం మన కొంప మునుగుతుంది. టీచరమ్మ నవ్వుతోందా లేదా? అది చూసుకో."

"ఆ పిల్ల లెక్క తప్పలేదు. తప్పించింది నేను."

"నేను ఇన్నేళ్ళుగా చేస్తున్నదే నువ్వూ చేశావు. దాన్ని తప్పంటావా?"

అత్తని తప్పుపట్టే ధైర్యం పిల్లికి లేదు. తప్పని ఖాయంగా తెలియదు కూడా. అత్త వల్ల ఏడవకుండా ఇంటికెళ్ళిన పిల్లలు ఎంతమందో! చిన్నప్పుడు ప్రతి ఆటలోనూ చివర మిగిలిపోయిన తనకే ఎవరైనా అలా ఒక మగ్గు పోసి ఉంటే ఎంత సంతోషించేదో! ఇంతవరకూ ఆ మగ్గులో ఆమెకి దయ తప్ప ఇంకేమీ కనపడలేదు. ఆ దయ ఎవరి దగ్గర్నుంచైనా ఏదైనా తీసేసుకుంటుందని ఎన్నడూ తోచలేదు. ఓడినవాళ్ళకి పోశామనుకుంటాం. ఎవరో ఒక పిల్ల కష్టపడి కనిపెట్టుకున్న చిన్న నిజం ఆ నీళ్ళలో కొట్టుకుపోతుంది. ఆ పిల్లకి అది పోయిందని కూడా తెలియదు. తెలిసింది తనొక్కదానికే.

ఆమె మైదానం మధ్యకి వెళ్ళి నిలబడింది.

"పిల్లలూ" అంది.

ఎవరికీ వినపడలేదు. ఒకడు ఇంకొకడి చొక్కాలో తడి స్పాంజి కుక్కుతున్నాడు. ఆమె బుగ్గలబ్బాయి దగ్గరకే నడిచి, అతని ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"నాన్నా, నీకొక మాట చెప్పాలి. ఇందాక మీ డబ్బాలో నేను నీళ్ళు పోశాను. మగ్గుతో. మూడుసార్లు. నీలం జట్టే ముందుంది."

ఆ పిల్లాడు నోరు తెరిచాడు. తర్వాత పిల్లికి లేని గొంతు అతను అరువిచ్చాడు.

"ఒరేయ్! పిల్లక్క మన డబ్బాలో నీళ్ళు పోసిందంటరా!"

మైదానం ఆ చివర దాకా వెళ్ళింది ఆ కేక. అందరూ ఒక్కసారి మాట్లాడారు.

"దొంగాట! దొంగాట!"

"మేం అడిగామా పొయ్యమని?"

"అంటే మనమే గెలిచామా? మనమేనా?" అని నీలం బుడతడు అందరి చేతులూ పట్టుకుని ఊపేస్తున్నాడు.

"వాళ్ళకి పొయ్యలేదేం అక్కా మరి? మాకే ఎందుకు పోశావ్? మేం చేతకానివాళ్ళమా?" అని బుగ్గలబ్బాయి అడిగాడు. అడుగుతూ అడుగుతూనే పెదవి వంకర తిరిగింది. రెండు బుగ్గల మీదుగా బొటబొటా కన్నీళ్ళు కారాయి.

"కాదు నాన్నా. మీరు బాధపడతారని పోశాను. అది తప్పు" అంది పిల్లి.

టీచరమ్మ గొడుగు మడిచి వచ్చింది. "ఏంటమ్మా ఇది? ఇప్పటిదాకా బాగానే ఉన్నారుగా!"

కుర్చీలో అత్త రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. పిల్లి టీచరమ్మ ముఖం చూడలేకపోయింది. అయినా తల దించుకునే, "డబ్బాలో నీళ్ళు పిల్లలు తెచ్చినవే ఉండాలండీ. ఈసారి నేను అక్కడ నిలబడను" అంది. ఆ మాట టీచరమ్మకి పూర్తిగా వినపడింది. ఆమె "ఆడించండి మరి, చూద్దాం" అని పక్కకి తప్పుకుంది. ముఖంలో నవ్వు మాత్రం లేదు.

కళ్ళద్దాల పిల్ల అద్దాల మీది నీటి చుక్కల్ని చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, "అయితే నడవడమే సరైనదన్నమాట" అంది తనలో తనే. ఆమె కళ్ళు మెరిశాయి.

ముక్కు ఎగబీలుస్తూ బుగ్గలబ్బాయి ఆమె దగ్గరకొచ్చాడు. "ఎలా పట్టుకున్నావే అది?"

"చెప్పొద్దే! చెప్పొద్దు!" అని బుడతడు గోలపెట్టాడు.

"చెప్పకపోయినా చూస్తున్నాడుగా" అంది ఆ పిల్ల, అరచేతులు చాపి చూపించి.

పిల్లి డబ్బాలకి దూరంగా, చిన్నవాళ్ళు తొంగిచూసే నీళ్ళ టబ్బు పక్కన నిలబడింది. రెండో ఆట అంత నిశ్శబ్దంగా జరిగిన నీళ్ళాటని అత్త తన జన్మలో చూసి ఉండదు. రెండు జట్లూ నడిచాయి. ఎర్ర జట్టు పొడుగువాళ్ళు పెద్ద పెద్ద అడుగులు వేస్తూ, ఊపిరి బిగబట్టి నడిచారు. పక్కన ఆగినవాళ్ళు కూడా గుసగుసలే. ఎవరి స్పాంజి నుంచైనా ఒక చుక్క రాలితే అందరూ కలిసి "అయ్యో!" అన్నారు. అది ఏ జట్టుదో కూడా చూసుకోలేదు.

చివరికి ఎర్ర డబ్బా ముందు గీత తాకింది. నీలం డబ్బా వేలెడు తక్కువ.

ఎర్ర జట్టు ఎగిరి గంతేసింది. నీలం బుడతడు మట్టిలో కూలబడి, మైదానం ఎగిరిపోయేలా ఏడుపు అందుకున్నాడు. పిల్లి పరుగున వెళ్ళి వాణ్ని ఎత్తుకుంది. వాడు ఆమె భుజం మీద ఏడుస్తూనే, "చెప్పొద్దన్నానా లేదా!" అని కళ్ళద్దాల పిల్లని తిట్టాడు.

కళ్ళద్దాల పిల్ల నల్ల గీత దగ్గరకి ముఖం ఆనించి రెండు డబ్బాలూ చూసింది. తర్వాత పిల్లి వైపు తిరిగింది.

"ఈసారి పోశావా అక్కా?"

"లేదమ్మా."

"ఒట్టు?"

"ఒట్టు."

"వాళ్ళ అరచేతులు పెద్దవి. అందుకే" అంది ఆ పిల్ల. ఓడినందుకు ముఖం కాస్త చిన్నబోయింది. అయినా పిల్లలు బట్టలు మార్చుకోవడానికి వెళ్ళేటప్పుడు, తన అరచేతుల్ని బుగ్గలబ్బాయి అరచేతులకి ఆనించి ఎంత తేడానో చూసుకుంటూ వెళ్ళింది. వాడు గొప్పగా వేళ్ళు ఇంకా సాగదీశాడు.

బుడతడి ఏడుపు బడి లోపలికి వెళ్ళాక కూడా వినపడుతూనే ఉంది. టీచరమ్మ వెళ్తూ "కబురు చేస్తాం" అని మాత్రం అంది. అలా అన్నవాళ్ళు చేస్తారో చేయరో ఎవరూ చెప్పలేరు.

పిల్లి టబ్బులు బోర్లించి, పైపులు చుట్టి, స్పాంజిలు పిండింది.

"విన్నావుగా ఏడుపు" అంది అత్త.

"విన్నాను అత్తా."

"వాడు ఇంటికెళ్ళి కూడా ఏడుస్తాడు."

"ఏడుస్తాడేమో."

"మరి?"

పిల్లి తడి చేతులు బట్టలకి తుడుచుకుంది. "వాడు ఏడ్చింది నిజంగా ఓడిపోయినందుకు. అందుకు వాణ్ని ఓదార్చగలిగాను. ఆ పిల్ల ఇందాక ఏడవకుండా తన ఆలోచనని వదిలేసుకుంది చూడు, దానికి ఏం చేయాలో నాకు తెలియలేదత్తా."

అత్త కట్టుకట్టిన కాలు వైపు చూసుకుంది. గోడవార తడిసిన మొక్కల వైపు చూసింది. ఇన్నేళ్ళలో తను పోసిన మగ్గులన్నీ ఎవరెవరి డబ్బాల్లోకి వెళ్ళాయో తలుచుకుంటున్నట్టు ఒక్కో వేలూ మడిచింది. ఒప్పుకోవడం మాత్రం ఆమె ఒంట్లో లేదు.

"నాకింకా నా పద్ధతే నచ్చుతుంది" అంది.

"నాకు తెలుసు."

"ఈ బడి పిలవకపోతే ఆ పాపం నీదే."

"నాదే."

"ఎల్లుండి పార్కులో గుంపు చిన్నపిల్లలది. అయిదేళ్ళవాళ్ళు. గాలికే ఏడుస్తారు. వాళ్ళ దగ్గర ఈ నీతులన్నీ పనికిరావు. అక్కడేం చేస్తావ్?"

పిల్లి ఆలోచించింది. అయిదేళ్ళవాళ్ళకి అసలు గీత ఎందుకు? జట్లు ఎందుకు? ఒకే పెద్ద టబ్బు పెట్టి అందరి చేతా నింపిస్తే? అప్పుడు వాళ్ళలో కూడా ఒక కళ్ళద్దాల పిల్ల ఉంటే, నేనెంత తెచ్చానని అడిగితే?

"తెలియదత్తా" అంది. "వాళ్ళని చూశాక చెప్తా."

"ఎల్లుండి నేను రాను. ఈ కాలితో ఎండలో కూర్చోలేను" అంది అత్త. "నువ్వే చూసుకో."

పిల్లి కుర్చీ పక్కకొచ్చి, అత్త చెయ్యి తన భుజం మీద వేసుకుని, వ్యాను వైపు మెల్లగా నడిపించింది.